మొరపెట్టే నోరు మూయకండి

(మహబూబ్‌నగర్‌లో స్త్రీల కూడికలో ఒక రిటైర్డ్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. వెనక నిలబడ్డ అక్కలు ముందుకు రండమ్మా, చాపల మీద ఇంకా జాగా ఉంది. పిల్లల్ని గదమాయించకండి, తిరగనివ్వండి. బడిపంతులమ్మను, పిల్లల గోల నాకు అలవాటే.

రూతు గ్రంథం తెరవండి. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. ఈ పుస్తకం మీద ఎవరు మాట్లాడినా రూతు మంచితనం, బోయజు మంచితనం చెప్పి ముగిస్తారు. "నువ్వు ఎక్కడికి పోతే నేనూ అక్కడికే వస్తా" అన్న మాటను పెళ్లిళ్లలో కూడా చదువుతారు. ఆ మాట కోడలు అత్తతో అన్నదని పెళ్లికొచ్చినవాళ్లలో ఎంతమందికి గుర్తుంటుందో! ఈ రోజు నేను ఆ అత్త గురించే మాట్లాడతాను. ఆమె పేరు నయోమి.

మొదటి వచనంలోనే కరువు ఉంది. బేత్లెహేములో పంట లేదు. ఎలీమెలెకు అనే మనిషి భార్య నయోమిని, కొడుకులు మహ్లోనును, కిల్యోనును వెంటబెట్టుకుని మోయాబు దేశానికి బతుకుదెరువుకు పోయాడు. ఈ వచనం చదివినప్పుడల్లా నాకు కోస్గి కనబడుతుంది, మద్దూరు కనబడుతుంది, దేవరకొండ దిక్కు తండాలు కనబడతాయి. గుంపుమేస్త్రీ వచ్చి అడ్వాన్స్ చేతిలో పెడతాడు. దాంతో పాత అప్పు తీరుతుంది, కొత్త అప్పు మొదలవుతుంది. మొగుడూ పెళ్లాం మూటాముల్లె సర్దుకుని బొంబాయికో పుణెకో పోతారు. పిల్లలు అవ్వ దగ్గర, తాత దగ్గర ఉండిపోతారు. పాలమూరు ఎక్కడుందో తెలియని వాళ్లకు కూడా పాలమూరు లేబర్ అంటే తెలుసు. కృష్ణ మన అంచున పారుతుంది, తుంగభద్ర మన అంచున పారుతుంది, మన చేలు మాత్రం మొగులు దిక్కు చూస్తూ బతికాయి. జూరాల కాలువలు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక కొన్ని ఊళ్లు పచ్చబడ్డాయి, దేవునికి స్తోత్రం. అయినా తాళం పడిన ఇళ్లు మీ ఊళ్లలో ఇంకా ఉన్నాయని మీకు నేను చెప్పాలా?

మోయాబులో నయోమి భర్త చనిపోయాడు. కొడుకులు అక్కడి అమ్మాయిలనే చేసుకున్నారు. దాదాపు పదేళ్లు గడిచాక ఇద్దరు కొడుకులూ పోయారు. ఊళ్లో మళ్లీ పంటలు పండుతున్నాయని విని ఆమె తిరుగుదారి పట్టింది, కోడలు రూతు వెంట వచ్చింది. బేత్లెహేములో అడుగుపెట్టగానే ఊరంతా కదిలింది. ఆడవాళ్లు, "ఈమె నయోమియేనా?" అన్నారు.

ఆ ప్రశ్న ఎట్లా ఉంటుందో వలసపోయి వచ్చినవాళ్లకు తెలుసు. జవాబుగా నయోమి ఏమందో చూడండి. నన్ను నయోమి అని పిలవకండి, మారా, అంటే చేదు, అనండి, సర్వశక్తుడు నా బతుకును చేదు చేశాడు, నిండుగా పోయినదాన్ని ఒట్టి చేతులతో వెనక్కి తెచ్చాడు అంది. నడిబజార్లో, నలుగురిలో దేవుని మీద నేరం మోపింది. "అట్లా అనకూడదమ్మా, తప్పు" అని చెప్పడానికి ఒక్క ప్రవక్త రాలేదు. దేవుడు కూడా ఆమెను గద్దించలేదు. ఆ మాటలు పరిశుద్ధ గ్రంథంలో అట్లాగే ఉన్నాయి, ఎవరూ కొట్టేయలేదు.

నయోమి ఆ రోజు మాట్లాడింది విశ్వాసపు మాట అని నా నమ్మకం. దేవుడు లేడనుకున్న మనిషికి దేవునితో పంచాది ఏముంటుంది? వినేవాడు ఉన్నాడని, ఆయన చేతిలో ఏదో ఉందని లోపల ఎక్కడో నమ్మితేనే ఆయన్ను నిలదీస్తాం. మన సంఘాల్లో ఈ సంగతి మరిచిపోయాం. సాక్ష్యం చెప్పండి అనగానే ఎవరు లేస్తారు? రోగం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, బిడ్డ పెళ్లి కుదిరినవాళ్లు. తగ్గనివాళ్లు, రానివాళ్లు, కుదరనివాళ్లు తల దించుకుని కూర్చుంటారు. వాళ్లకేదో విశ్వాసం తక్కువైనట్టు మనమూ చూస్తాం.

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో సుమారు మూడో వంతు ఏడుపులే, మొరలే. ఎన్నాళ్లు, ఎందుకు, ఎక్కడున్నావు అనే మాటలే. 88వ కీర్తన ఈ రాత్రి ఇంటికిపోయి చదవండి. మిగతా మొరల్లో చాలావాటికి చివరికైనా ఒక ఓదార్పు మాట వస్తుంది, ఇందులో అదీ రాదు. చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. దాన్ని కూడా గాయకుల చేతికిచ్చి దేవుని సన్నిధిలో పాడమన్నారు. అంటే ఏడుస్తున్న మనిషి ఒక్కడే మూలన కూర్చుని పాడుకోవాల్సిన అవసరం లేదు. సంఘమంతా కలిసి ఆ ఏడుపు ఏడవాలి.

మన చావు ఇళ్లలో అమ్మలు శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయినవాడు ఎట్లా నవ్వేవాడో, ఏం తినేవాడో, ఎవరికి ఏం మాటిచ్చి పోయాడో అన్నీ వస్తాయి ఆ శోకంలో. మనం విశ్వాసులం కదా అని వెంటనే పోయి, "ఏడవకమ్మా, దేవుని చిత్తం" అని నోరు మూయిస్తాం. బేతనియలో తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏం చేశాడు? కాసేపట్లో తానే లాజరును లేపబోతున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా మరియ ఏడుపు చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అంతా తెలిసిన ఆయనే ఏడిస్తే, ఏమీ తెలియని మనం ఎవరి ఏడుపునైనా ఎట్లా ఆపుతాం?

మా నాయన నా చిన్నతనంలో పుణెలో సెంట్రింగ్ పని చేస్తూ స్లాబ్ కూలి చనిపోయాడు. ఆ కాంట్రాక్టరు శవాన్ని లారీలో పంపించి చేతులు దులుపుకున్నాడు. మా అమ్మ ప్రార్థనకు రావడం మానేసింది. సంఘంలో ఒకామె ఇంటికొచ్చి, "మీ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉండి ఉంటది, ఒప్పుకోండి" అంది. అమ్మ లేచి లోపలికిపోయి తలుపేసుకుంది. పాస్టరమ్మ మాత్రం శనివారం శనివారం వచ్చేది. అప్పట్లో అమ్మకు పల్లికాయలు ఒలిచే కూలి పని ఉండేది. పాస్టరమ్మ వచ్చి చాట ముందు కూర్చుని తానూ ఒలిచేది. వాక్యం ఎత్తేది కాదు, ప్రార్థన చేద్దామా అని అడిగేది కాదు. వేళ్ల కొసలు మంటపుట్టేదాకా ఒలిచి, పొట్టు ఎత్తిపోసి, ఇంటికి పోయేది. ఒక శనివారం అమ్మే నోరు విప్పింది. "ఆయన మీద స్లాబ్ పడ్డప్పుడు మీ దేవుడు ఏం చేస్తుండె?" అని అడిగింది. పాస్టరమ్మ చేతిలో కాయలు చాటలో పెట్టి, "నాకు తెల్వదు. నువ్వే అడుగు, నేను పక్కన కూసుంటా" అంది.

అమ్మ అడిగింది. అట్లాంటి ప్రార్థన నేను మళ్లీ వినలేదు. అందులో స్తోత్రం లేదు, హల్లెలూయ లేదు. నాయనను ఎందుకు తీసుకుపోయావు, ఈ పిల్లల మొహం చూడలేదా, నీకు కండ్లు లేవా అని గట్టిగా, కోపంగా అడిగింది. పక్కింటివాళ్లు గడపలోకొచ్చి నిలబడ్డారు. పాస్టరమ్మ చివర్లో ఆమేన్ మాత్రం అంది. అమ్మకు జవాబు ఆ రోజు రాలేదు, తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆదివారం మాత్రం కూడికకు వచ్చి వెనక వరసలో కూర్చుంది. పాట మళ్లీ పాడటానికి చాలా కాలం పట్టింది.

బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ముగ్గురినీ మనం తిట్టుకుంటాం గానీ, ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట మంచి పనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ల తప్పు నోరు తెరిచాక మొదలైంది. నువ్వు ఏదో చేసి ఉంటావు, అందుకే ఇట్లా అయింది అని లెక్కలు చెప్పారు. 42వ అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడు? తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఈ ముగ్గురి మీద. నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు.

నల్గొండ దిక్కు నుంచి వచ్చిన అక్కలు ఇక్కడున్నారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో నడుం వంగిపోయి, కాళ్లు వంకర్లు పోయి, మెడ తిప్పలేక బతికినవాళ్లను మీరు చూశారు. ఏ పాపం చేశారో, ఏ శాపం తగిలిందో అని వాళ్లను అన్న నోళ్లు ఎన్ని! కారణం నీళ్లలో ఉంది. ఆ నేల కింది రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లో కరిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే కీడు చేసే ఫ్లోరైడ్, ఆ ఊళ్ల బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అట్లా నడుం వంగిన ముసలామె చేసిన పాపం ఏంటి? దాహమేసి ఊరి బావి నీళ్లు తాగింది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు, వీడు పాపం చేశాడా, వీని తల్లిదండ్రులు చేశారా అని అడిగితే, వీడూ కాదు, వీని తల్లిదండ్రులూ కాదు అని యేసు ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంత స్పష్టంగా చెప్పాక కూడా మనం ఆ లెక్కలు వదలకపోతే ఎట్లా?

ఆ ఊళ్ల జనం ఊరుకోలేదు, అది చెప్పాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. మా నీళ్ల గోస దేశమంతా వినాలని వేసిన నామినేషన్లు అవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. నాకు అది ఒక కీర్తనలాగా వినబడుతుంది. ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని 480 గొంతులు అడిగాయి. ఆశ చచ్చినవాళ్లు నామినేషన్ వేయరు. తర్వాత తర్వాత కృష్ణ నీళ్లు పైపుల్లో ఆ ఊళ్లకు చేరాయి. వంగిన ఎముకలు నిటారు కాలేదు, కొత్తగా పుట్టిన పిల్లలకు మాత్రం మంచి నీళ్లు అందాయి.

అదే నేలకు కృష్ణ నీళ్లు తీసుకెళ్లడానికి తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం, మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర, 2025 ఫిబ్రవరి 22న కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చిన మనుషులు. మనవాళ్లు బొంబాయికి పోయినట్టే వాళ్లు మన దగ్గరికి బతుకుదెరువుకు వచ్చారు. వారాల తరబడి వెతికితే ఇద్దరి దేహాలు దొరికాయి. మిగతావాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కడసారి చూపు కూడా లేకుండా ఎదురుచూశారు. అది దేవుని ప్రణాళిక అని ఆ తల్లుల ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరికైనా ఉంటే వద్దని బతిమాలుతున్నా. ఏడ్చేవాళ్లతో ఏడవండి అని పౌలు రోమా సంఘానికి రాశాడు. వాళ్లకు కారణాలు వివరించండి అని రాయలేదు.

మరి నిరీక్షణ ఎక్కడుంది అంటారా? రూతు మొదటి అధ్యాయం చివరి వచనం చూడండి. వాళ్లిద్దరూ బేత్లెహేముకు వచ్చేసరికి యవల కోత మొదలైంది. అంతే రాశాడు. ఆకాశం తెరుచుకోలేదు, దేవదూత రాలేదు. పక్క చేలో కోత పడింది, రూతు పరిగె ఏరుకోవడానికి పోయింది. కోత కోసేటప్పుడు చేను అంచులదాకా కోయకండి, రాలిన పరిగె బీదలకు, పరదేశులకు విడిచిపెట్టండి అని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. మనకూ తెలిసిన పనే ఇది. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు పల్లి చేను పీకాక, మట్టిలో మిగిలిన కాయల కోసం కొడవలి కొసతో గెలుకుతూ వంగి ఏరుకున్న ఆడవాళ్లు ఇక్కడ కనీసం సగం మంది ఉంటారు. చెయ్యెత్తమని అడగను. ఎంత ఏరితే కొంగు నిండుతుందో మీకు తెలుసు.

ఆ చేను ఆసామి బోయజు కోతగాళ్లతో ఒక మాట చెప్పాడు. ఆమె కోసం కట్టల్లోంచి పిడికెడు పిడికెడు కావాలనే పడేయండి, ఆమెను ఏమీ అనకండి అన్నాడు. నాకు ఈ పుస్తకం మొత్తంలో ఇష్టమైన వచనం ఇది. రూతు చేతిలో పెట్టి, ఇదిగో తీసుకోమ్మా అనొచ్చు. అట్లా ఇస్తే ఆమె అడుక్కున్నట్టు అవుతుంది. రాలినట్టు పడేస్తే ఆమె కష్టపడి ఏరుకుని, తల ఎత్తుకుని ఇంటికి పోతుంది. సాయం చేసేవాళ్లందరూ ఇది నేర్చుకోవాలి. బియ్యం బస్తా ఇచ్చి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం చూస్తుంటే నాకు బాధేస్తుంది.

సాయంత్రం రూతు దుళ్లగొడితే దాదాపు ఒక తూము యవలు వచ్చాయి. అవి చూసి, బోయజు పేరు విని నయోమి నోట్లోంచి వచ్చిన మాట ఏంటి? బతికున్నవాళ్ల మీద, చనిపోయినవాళ్ల మీద యెహోవా తన దయ చూపడం మానలేదు అంది. మొదటి అధ్యాయంలో దేవుని మీద నేరం మోపిన నోరే ఇది. మొగుడు తిరిగి రాలేదు, కొడుకులు తిరిగి రాలేదు, ఎందుకు అనే ప్రశ్నకు ఈ పుస్తకంలో ఎక్కడా జవాబు లేదు. ఒక పూట తిండికి పైన కొంత మిగిలింది, ఒక మనిషి మర్యాదగా మాట్లాడాడు. ఆమెకు ఆ రోజుకు అది చాలింది.

ఇంకో సంగతి మీరు గమనించాలి. ఆ యవలు తెచ్చిన రూతు ఎవరు? మోయాబీయురాలు, పరాయి జాతి పిల్ల, పరాయి దేవుళ్ల మధ్య పెరిగిన పిల్ల. దేవుని దయ నయోమి ఇంటికి ఆ చేతుల్లోంచి వచ్చింది. మా నాయన పోయిన నెలలో మా ఇంట్లో పొయ్యి వెలిగించింది పక్కింటి పెద్దమ్మ. వాళ్లు ఏటా కురుమూర్తి స్వామి జాతరకు పోయేవాళ్లు. పొద్దున్నే జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చి మా ముందు పెట్టి, మేం తినేదాకా కదిలేది కాదు. ఆమె చేతి రొట్టె దేవుడు పంపింది కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడొక మాట గట్టిగా చెప్తాను, మనసులో పెట్టుకోండి. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చి, ఇంత కానుక వేస్తే అప్పు తీరుతుంది, మందులు మానేస్తేనే స్వస్థత వస్తుంది అనేవాళ్ల మాట వినకండి. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి. ఏలీయా కథ గుర్తుంది కదా? యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసేయి అని దేవుణ్ణి అడిగాడు. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్తకే చావాలనిపించింది. దేవుడు తిట్టాడా? పడుకోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు ఇచ్చింది. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అంది. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా నిద్రపోకపోయినా, తినకపోయినా, నేను పోతే అందరికీ మంచిది అన్నట్టు మాట్లాడినా, టెన్షన్‌లో అన్నాడులే అని వదిలేయకండి. ఒంటరిగా వదలకండి, అన్నం పెట్టండి, పక్కన కూర్చోండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే మీ చేతిలో ఉంచుకోండి. మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి, 1 4 4 1 6. బైబిల్ అట్ట లోపల రాసుకున్నా తప్పులేదు.

చివరి అధ్యాయంలో రూతుకు కొడుకు పుడితే, నయోమి వాణ్ణి ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఈమె నయోమియేనా అని అడిగిన ఆ ఊరి ఆడవాళ్లే ఇప్పుడు నయోమికి కొడుకు పుట్టాడని సంబరపడ్డారు. ఓబేదు అని పేరు కూడా వాళ్లే పెట్టారు. ఓబేదు మనవడు దావీదు రాజు అవుతాడని, ఆ వంశంలో యేసు పుడతాడని ఆ ముసలామెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలిసింది ఒళ్లో ఉన్న పసివాడి బరువు ఒక్కటే.

ఇంక నేను ఎక్కువ మాట్లాడను. 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు, మొదటి రెండింటిలో ఎన్నాళ్లు అని దావీదు పదేపదే అడుగుతాడు. అందరం కలిసి గట్టిగా చదువుదాం. చదవడం రాని అమ్మల పక్కన చదివేవాళ్లు ఒక్కొక్కరు కూర్చోండి, ఒక్కో మాట చెప్పి అనిపించండి. రెండో వచనం అయ్యాక ఆగుదాం. మీలో ఎవరికి ఎన్నాళ్లనుంచి ఏ గోస ఉందో అప్పుడు పైకి చెప్పండి. దాన్ని ప్రార్థనలాగా అందంగా చెప్పాల్సిన పనిలేదు. కోపంగా వస్తే కోపంగానే రానివ్వండి, ఏడుపొస్తే ఏడవండి. పక్కనున్నవాళ్లు మాత్రం ఊరుకో అనకండి, చివర్లో ఆమేన్ అంటే చాలు. అందరిదీ అయ్యాక మూడో వచనం నుంచి మళ్లీ కలిసి చదువుదాం. భోజనాలకు ఆలస్యమైతే కానివ్వండి, వంట దగ్గరున్న చెల్లెళ్లను కూడా పిలవండి.